గాలి వేసిన గోలు

మా ఊళ్ళో సినిమా హాలు లేదు.
చేపల ఫ్యాక్టరీ గోదాములో తెల్ల పరదా కట్టి
మా మీద తీసిన సినిమా మాకే వేశారు.
ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించి కూర్చున్నాం
పదకొండు మందిమీ, పక్కన పిల్లలు,
ముందు వరసలో ఉన్ని టోపీతో మేయరు.

ఐస్‌లాండ్ పడమటి అంచు.
సముద్రం కొండల్లోకి నాలుక చాపిన చోటు.
చదును నేల దొరకడమే గగనం,
అక్కడ మాదొక ఫుట్‌బాల్ జట్టు:
ఐదుగురు పోలండ్ ఆడవాళ్ళు, థాయ్ వాళ్ళం ముగ్గురం,
ఫిలిప్పీన్స్ అక్కచెల్లెళ్ళిద్దరు,
ఇక్కడే పుట్టింది ఒక్క స్టెయిన్వోర్,
బడి బస్సు తోలేదీ, మాకు కోచింగ్ ఇచ్చేదీ తనే.

నేను గోల్‌కీపర్ ఎందుకయ్యానంటే
తొడుగులు నా దగ్గరే ఉన్నాయి కనక.
కాడ్ చేపలు కోసే రబ్బరు తొడుగులు.
బంతి వాటిలోంచి చేపలాగే జారేది,
ఆ సంగతి ఏడాదంతా స్కోరుబోర్డు చెప్పింది.

తెర మీద కోచ్ మగవాడు.
గడ్డం, సీసా, వదిలేసి వెళ్ళిన పెళ్ళాం.
స్టెయిన్వోర్ నా చెవిలో అంది:
"చూడవే, గడ్డం నాకెంత నప్పిందో."

స్ట్రైకర్ ఆయన కూతురు, బంగారు జడ.
పోలండ్ వాళ్ళైదుగురూ కలిసి ఒకే ఒక్క పిల్ల,
ప్రతి సీన్లోనూ సాసేజ్ తింటుంది.
మా గ్రజీనా మాంసం ముట్టదు.
అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకసారి కిటికీలో కనిపించి
పాట పాడి పోయారు.

నేనూ ఉన్నాను.
మూడు మాటలు, రెండు దణ్ణాలు.
మంచులో బోర్లా పడతాను. నవ్వు.
లేస్తూ మళ్ళీ పడతాను. ఇంకా నవ్వు.

పడలేదనను.
పడ్డాను, లెక్కలేనన్నిసార్లు.
కానీ పడ్డప్పుడల్లా ఏదో ఒకటి అనేదాన్ని,
థాయ్‌లో ఎత్తుకుని, పోలిష్ బూతు తగిలించి,
ఐస్‌లాండిక్‌లో దించేదాన్ని,
ఎదుటి జట్టు కూడా ఆట ఆపి నవ్వేది.
ఆ మాటలు తీసేసి
పడటం మాత్రం ఉంచుకున్నారు.

మా అమ్మ పులుసులో నిమ్మాకు వేసేది, వాసనకి.
తినేటప్పుడు ఏరి కంచం అంచున పెట్టేవాళ్ళం.
ఆకు ఏమనుకునేదో
నేనెప్పుడూ అడగలేదు.

మా వాడూ నవ్వాడు, ఏడేళ్ళవాడు.
నవ్వి, నా మొహం చూసి,
నవ్వచ్చా అన్నట్టు ఆగాడు.
ఆ ఆగిన చోట నాకు ముల్లు దిగింది,
చేప ముల్లంత సన్నంగా.

అప్పుడు వెనక నుంచి గ్రజీనా కేక:
"ఆఫ్‌సైడ్!"

ఒక్క క్షణం నిశ్శబ్దం.
తరవాత పదకొండు పెట్టెలూ కిర్రుమన్నాయి.
ఇక పట్టపగ్గాల్లేవు.
సాసేజ్ కనబడితే "ఫౌల్!"
గడ్డం కనబడితే "మనిషిని మార్చండి!"
తెర మీది నేను బంతికి దణ్ణం పెట్టగానే
ఇక్కడి నేను లేచి, పసుపు రుమాలు తీసి
నాకు నేనే కార్డు చూపించుకున్నాను.
మా వాడు నవ్వి నవ్వి పెట్టె మీంచి పడ్డాడు.

ఆఖర్న బంగారు జడ గోలు వేసింది,
స్లో మోషన్లో, వయొలిన్లతో.
మేం పద్నాలుగు ఆటలాడి పద్నాలుగూ ఓడాం.
మొత్తానికి మాకొచ్చింది ఒక్క గోలు:
ఎదుటి కీపరు చేతుల్లోంచి తన్నిన బంతి
పైకి లేచింది, గాలిలో ఆగింది,
కాసేపు ఆలోచించింది,
వెనక్కి తిరిగి ఆమె వలలోనే పడింది.
మాలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.
అందరం వేసినట్టే అరిచాం.

పేర్లు పడుతున్నాయి.
నా పేరు రంఫా. తెర మీద రంపా,
ఒత్తు ఎక్కడో రాలిపోయింది.
గాలి పేరు అసలే లేదు.

తలుపు తీసేసరికి అది గుమ్మంలోనే ఉంది.
మేయరు టోపీ ఎగరేసుకుపోయింది.
అలవాటు కొద్దీ ఎగిరి దూకాను.
అందలేదు, ఎప్పట్లాగే.
మంచులో పడుతూ నేనన్న మాట
ఈసారి ఊరంతా విన్నది.